అప్‌డేట్: ‘ఇంగ్’ పెట్టాలా, ‘టు’ పెట్టాలా

ఇంటర్వ్యూ మెయిల్‌లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాశాను, ‘మీటింగ్’ అని ఎందుకుండాలి అని పోయిన నెల అడిగాను కదా. అక్కడి ‘టు’ ప్రిపోజిషన్ (ఇన్, ఆన్, ఫర్ లాంటి పదం), అందుకే దాని తర్వాత ‘ఇంగ్’ వస్తుందని చెప్పినవాళ్లకి చాలా థాంక్స్. నాకు అలవాటే అనే అర్థంలో ‘యామ్ యూజ్డ్ టు’ కూడా అంతేనట, ‘ఐ యామ్ యూజ్డ్ టు ట్రావెలింగ్’.

ఆ తర్వాత రోజూ మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో పది వాక్యాలు రాసుకుంటూ వెళ్లాను. బట్టీ పట్టడం కంటే నాకు తెలుగే ఎక్కువ పనికొచ్చింది. మాట్లాడటం ఆపాడు అంటే ‘స్టాప్డ్ టాకింగ్’, మాట్లాడటానికి ఆగాడు అంటే ‘స్టాప్డ్ టు టాక్’, తేడా మన భాషలోనే ఉంది! అలాగే తాళం వేసినట్టు గుర్తుంది అంటే ‘రిమెంబర్ లాకింగ్’, మర్చిపోకుండా తాళం వెయ్యి అంటే ‘రిమెంబర్ టు లాక్’. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ తర్వాత ‘ఇంగ్’. డిసైడ్, హోప్, రెఫ్యూజ్ తర్వాత ‘టు’. ఇవి ఇప్పుడు అలవాటైపోయాయి.

కానీ తెలుగు ఒకచోట నన్ను బాగా తప్పుదోవ పట్టించింది. ‘కోర్సులో చేరమని సజెస్ట్ చేశాడు’ అంటాం కాబట్టి ‘హి సజెస్టెడ్ మీ టు జాయిన్’ అని ఏళ్ల తరబడి రాశాను, అది తప్పు. ‘హి సజెస్టెడ్ జాయినింగ్’ అనాలి, లేదా ‘హి అడ్వైజ్డ్ మీ టు జాయిన్’. మా టీమ్‌లో దాదాపు అందరం ఇదే రాస్తున్నాం, నిన్న కూర్చుని పాత టెంప్లేట్లన్నీ దిద్దాం.

రెండో రౌండ్ సోమవారం, టెన్షన్‌గానే ఉంది. ఈసారి మెయిల్‌లో ‘మీటింగ్’ అనే రాశాను.