ట్రూస్ట్ దాటి తూర్పుకి వెళ్లొద్దంటున్నారు, కాన్సస్ సిటీలో ఉన్నవాళ్లు చెప్పండి

ప్రశ్న: గోదారి_పిల్ల

నమస్తే అండీ. మాది రాజమండ్రి. ఎనిమిది నెలల కిందట అమెరికాలో కాన్సస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ వచ్చాం. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది ఆయన మీద ఆధారపడి వచ్చిన హెచ్4 వీసా. ఊళ్లో పదేళ్లు లెక్కల టీచరుగా చేశాను. ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు, ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోంది. అందుకని పిల్లలకి ఉచితంగా లెక్కలు చెప్పే చోటు ఒకటి వెతుక్కున్నాను. శనివారం పొద్దున పది నుంచి పన్నెండు వరకు. అది కాన్సస్ సిటీలో, ట్రూస్ట్ అవెన్యూ అనే రోడ్డుకి తూర్పున ఉంది.

మొన్న మనవాళ్లంతా తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో ఈ మాట చెప్పగానే పులిహోర వడ్డిస్తున్న ఆవిడ గరిట అలాగే పట్టుకుని ఆగిపోయింది. "ట్రూస్ట్ అవతలకా? ఒక్కదానివా?" అంది. ఒకాయన గొంతు తగ్గించి, "అటంతా నల్లవాళ్లమ్మా, రోజూ వార్తల్లో చూట్టం లేదూ?" అన్నారు. నిజమే, చూస్తున్నాను. రాత్రి పది గంటల వార్తలు పెడితే ముందు పసుపు టేపు, ఎర్ర నీలం లైట్లు, ఆ తర్వాత పోలీసులు తీసిన ఒక ఫొటో. దాదాపు ప్రతిసారీ నల్లజాతి కుర్రాడే.

నాకు ఇక్కడ బాగా తెలిసిన నల్లజాతి మనుషులు ఇద్దరే. లైబ్రరీలో కార్డు చేసిచ్చిన ఆవిడ, మా అపార్ట్‌మెంట్‌లో హీటర్ బాగుచేసిన పెద్దాయన. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. అయినా ఆ రోడ్డు పేరు వింటే ఇప్పుడు టెన్షన్ వస్తోంది. టీవీ చూపించేది నిజమా? సేఫా కాదా అని ఒక్క మాటతో తేల్చేయకుండా, మీరెలా నిర్ణయించుకున్నారో చెప్పండి.

జవాబు 1: ఓలేతా_నాన్న

అమ్మా, నేనైతే వద్దంటాను. నాకెవరి మీదా ద్వేషం లేదు, ఇద్దరాడపిల్లల తండ్రిగా చెబుతున్నాను. కాల్పులు అటు ఎక్కువ జరుగుతాయన్నది కల్పన కాదు. ఇంత దూరం వచ్చి రిస్క్ ఎందుకు? లెక్కలు చెప్పాలనుంటే గుడిలో మన పిల్లలకి చెప్పొచ్చు.

జవాబు 2: నల్గొండ_బ్లడ్‌బ్యాంక్

చెల్లీ, నేను 1999లో వచ్చాను. పద్నాలుగేళ్లుగా ట్రూస్ట్‌కి అవతల ఒక ఆసుపత్రిలో, బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీ. పైన అన్న చెప్పింది అబద్ధం కాదు. తుపాకి గాయంతో మనిషి వచ్చాడని ఫోన్ రాగానే గ్రూపు చూసే టైం కూడా ఉండదు, ఓ నెగటివ్ సంచులు కూలర్ పెట్టెలో సర్ది పరుగున పంపిస్తాం. అలాంటి పెట్టెలు ఎన్ని సర్దానో నాకు లెక్క లేదు. కాబట్టి అక్కడేమీ జరగదని నేను చెప్పను.

కానీ నేను ఇంకోటి కూడా చూస్తాను. తెల్లారి ఇంటికెళ్లి టీవీ పెడితే రాత్రంతా నేను రక్తం పంపిన మనిషి ఇరవై సెకన్ల వార్త అయి ఉంటాడు. చూపించేది ఎప్పటిదో పోలీసుల ఫొటో. అంతకుముందే వరండాలో వాళ్లమ్మ ఫోన్‌లో అతని ఫొటో నర్సుకి చూపించడం నేను చూశాను, గ్రాడ్యుయేషన్ గౌను వేసుకున్నది. ఆ ఫొటో ఎప్పుడూ టీవీలో రాదు. ఇద్దరూ ఒకే మనిషి. ఏ ఫొటో చూపించాలో ఎవరో ఒకరు కూర్చుని ఎంచుతారు కదా, నేను నీకు చెప్పాలనుకున్నది ఆ ఎంచడం గురించే.

ఇది నా సొంత కోపం కాదు. ఇక్కడి పెద్ద పేపరు కాన్సస్ సిటీ స్టార్ తనే ఒప్పుకుంది. 1880లో పెట్టిన పేపరు అది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని మినియాపొలిస్‌లో పోలీసు చంపాక దేశమంతా రోడ్డెక్కింది కదా, ఆ ఏడాది స్టార్ తన పాత సంచికల్ని తన రిపోర్టర్లతోనే తిరగేయించింది. నల్లజాతి వాళ్లు నడిపిన పేపర్లతో పోల్చి చూపించింది. డిసెంబర్ 20న క్షమాపణతో మొదలుపెట్టి ఆరు భాగాలు వేసింది. నల్లజాతి మనిషి మా పేజీల్లోకి వస్తే ముఖ్యంగా నేరం చేసినవాడిగానో నేరానికి బలైనవాడిగానో వచ్చాడని రాసుకున్నారు. 1977లో ఈ ఊరికి వరద వచ్చి 25 మంది చనిపోయారు. స్టార్ ఎక్కువగా రాసింది కంట్రీ క్లబ్ ప్లాజాలో షాపులు ఎంత నష్టపోయాయో. చార్లీ పార్కర్ ఈ ఊళ్లో పెరిగి ప్రపంచంలో జాజ్ సంగీతాన్నే మార్చినవాడు. ఆయన 1955లో పోయేదాకా స్టార్‌లో చెప్పుకోదగ్గ శీర్షిక పడలేదు. పోయినప్పుడు వేశారు, పేరు స్పెల్లింగ్ తప్పు, వయసు కూడా తప్పు. ఆ వార్త గురించి చదివిన రోజు నేను చాలాసేపు అన్నం ముందు అలాగే కూర్చున్నాను.

ఇక ట్రూస్ట్ గీత సంగతి. అది దేవుడు గీసింది కాదు. జె.సి. నికొల్స్ అనే బిల్డర్ ఊరి పడమట, ఇటు మన జాన్సన్ కౌంటీలో పేటలకి పేటలు కట్టాడు. అమ్మేటప్పుడు కాగితాల్లోనే షరతు రాయించాడు. ఇది నేను కళ్లారా చూశాను. 2006లో మేం ప్రెయిరీ విలేజ్‌లో ఇల్లు కొన్నాం. ఇంటి హక్కు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఇచ్చిన బొత్తిలో పాత కాగితం జిరాక్స్ ఒకటి ఉంది. టైప్ మిషన్ అక్షరాలు, సగం చెరిగిపోయాయి. ఈ స్థలం నల్లజాతి వాళ్లకి అమ్మకూడదు, వాళ్లు యజమానులుగా గానీ అద్దెకి గానీ ఉండకూడదు. మా ఆయన "ఇప్పుడది చెల్లదులే, సంతకం పెట్టు" అన్నాడు. చెల్లదన్నది నిజమే. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్ష కూడదని 1968లో చట్టం కూడా వచ్చింది. కానీ అప్పటికే ఎవరు ఎక్కడ ఉండాలో స్థిరపడిపోయింది. పడమట ఇల్లు కొన్నవాడికి ఇంటి విలువ పెరిగి పిల్లల చదువులకి పనికొచ్చింది. తూర్పున ఉన్నవాడికి బ్యాంకు అప్పే ఇవ్వలేదు. ఏ పిల్లలు ఏ బడికి వెళ్లాలన్న హద్దుకి కూడా చాలా ఏళ్లు ఆ ట్రూస్ట్‌నే వాడారు. నికొల్స్ అంతటివాడు కావడానికి స్టార్ పేపరు కూడా చేయూతనిచ్చింది. ఆ సంగతీ 2020లో వాళ్లే రాశారు. అదే ఏడాది ప్లాజా దగ్గరి ఫౌంటెన్‌కి ఆయన పేరు తీసేశారు.

అంటే చూడు, ముందు గీత గీశారు. తర్వాత గీతకి అటుపక్క డబ్బు అందకుండా చేశారు. ఆ లేమి నుంచి పుట్టిన గొడవల్ని రాత్రి పది గంటలకి చూపిస్తున్నారు, గీత ఎలా వచ్చిందో మాత్రం చెప్పరు. మనం మూడోదే చూసి మనుషుల మీద తీర్పు ఇచ్చేస్తాం.

ఒక్కటి రాసి ఆపుతాను. రాయడం కష్టంగా ఉంది. 2017 ఫిబ్రవరి 22న ఇక్కడికి దగ్గర్లోని ఓలేతాలో మన తెలుగు అబ్బాయిని బార్‌లో ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. నా దేశం వదిలి పొండని అరుస్తూ కాల్చాడు. పక్కనున్న స్నేహితుడికీ గాయమైంది, ఆపబోయిన ఒక అమెరికన్ కుర్రాడికీ గాయమైంది. వాళ్లని ఇరానీలనుకున్నాడని మర్నాటికి వార్తలొచ్చాయి. ఇక అక్కడి నుంచి ఇక్కడి టీవీలోనూ మన తెలుగు ఛానళ్లలోనూ అదే మాట. పొరబడ్డాడు, పొరబడ్డాడు. ఇంజనీరు, చట్టబద్ధంగా వచ్చినవాడు, ఇరానీ కాదు. నల్గొండ నుంచి మా నాన్న ఫోన్ చేసి, "పొరపాటున జరిగిందట కదమ్మా" అన్నాడు. నేను "అవును నాన్నా" అన్నాను. నాన్న ధైర్యం కోసం అన్నానో, నా ధైర్యం కోసమో.

ఆ "అవును" నన్ను ఇప్పటికీ వదల్లేదు చెల్లీ. అక్కడున్నది నిజంగా ఇరానీలైతే? అప్పుడది పొరపాటు కాకుండా పోయేదా? ఆ రాత్రి మనకి న్యాయం కావాలని అడుగుతూనే, ఇంకొకళ్లయితే పర్లేదన్నట్టున్న మాటని మనం ఊరటగా తీసుకున్నాం. పాట్‌లక్‌లో గొంతు తగ్గించి "అటంతా నల్లవాళ్లు" అనడం ఆ మాట నుంచి ఎంతో దూరం లేదు.

మనం ఈ దేశానికి రాగలిగిందే వాళ్ల పోరాటం పుణ్యాన. భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం తెచ్చుకున్నారు. ఆ ఊపులోనే అదే 1965లో వలస చట్టం మారి మనలాంటి వాళ్లకి తలుపు తెరుచుకుంది. నా గ్రీన్‌కార్డు వెనక వాళ్ల చెమట ఉందని నేను నమ్ముతాను.

వెళ్లమ్మా. మొదటి శనివారం నేనొస్తాను, డ్యూటీ దిగి నేరుగా. అన్నట్టు, పాట్‌లక్‌లో అందరూ మెచ్చుకునే ఆర్థర్ బ్రయంట్స్ బార్బెక్యూ హోటల్ కూడా ట్రూస్ట్‌కి తూర్పునే ఉంది.

జవాబు 3: జర్నలిజం_కుర్రాడు

అక్కా, మీ "పొరపాటు" మాట చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. 2023 ఏప్రిల్ 13న పదహారేళ్ల నల్లజాతి అబ్బాయి తమ్ముళ్లని తీసుకురావడానికి వెళ్లి, 115వ టెర్రస్ అనే వీధి అనుకుని 115వ స్ట్రీట్‌లో బెల్ కొట్టాడు. లోపలి నుంచి 84 ఏళ్ల తెల్లాయన అద్దం తలుపులోంచి తలకి గురిపెట్టి కాల్చాడు. దేవుడి దయవల్ల అబ్బాయి బతికాడు. అది ట్రూస్ట్ తూర్పున జరగలేదు. నదికి ఉత్తరాన, అందరూ "మంచి ఏరియా" అనే నార్త్‌ల్యాండ్‌లో జరిగింది. వార్తల్లో శీర్షికలేమో "తప్పు ఇంటి బెల్ కొట్టిన కుర్రాడిపై కాల్పులు". అంటే మనకి ముందు వినిపించే తప్పు కుర్రాడిదే. తాత రోజంతా భయం పుట్టించే టీవీ వార్తలు చూస్తూ గడిపేవాడని ఆయన మనవడే విలేకరులకి చెప్పాడు.

మాకు క్లాసులో కెర్నర్ కమిషన్ రిపోర్టు చదివించారు. 1967 అల్లర్ల తర్వాత అధ్యక్షుడు జాన్సన్ వేసిన కమిషన్. పత్రికలు తెల్లవాళ్ల లోకంలో కూర్చుని తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తున్నాయని 1968లోనే చెప్పింది. స్టార్ క్షమాపణ వచ్చేసరికి 52 ఏళ్లు పట్టింది.

గోదారి అక్కా, వార్తల కోసం 'ది కాల్' చదవండి. 1919 నుంచి ఈ ఊళ్లో నల్లజాతి వాళ్లు నడుపుతున్న పేపరు. తర్వాత నల్లజాతి వాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని నడిపిన రాయ్ విల్కిన్స్ కుర్రతనంలో అందులోనే విలేకరి. దాంట్లో పెళ్లిళ్లుంటాయి, చర్చి భోజనాలుంటాయి, బడి ఫలితాలుంటాయి, నేరాలూ ఉంటాయి.

జవాబు 4: ఓలేతా_నాన్న

అక్కా, 2017లో ఆ బార్ నుంచి మా ఇల్లు ఐదు నిమిషాలు. ఆ వారమంతా పిల్లలతో బయట తెలుగు మాట్లాడొద్దన్నాను. పొరపాటు అన్న మాట నేనూ పట్టుకుని వేలాడాను. మీరు అడిగింది నన్నెవరూ ఇంతవరకు అడగలేదు. పిల్లల విషయంలో నా భయం ఒక్క పోస్టుతో పోదు, అది దాచను. కానీ గుడిలో చెప్పుకో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జవాబు 5: గోదారి_పిల్ల

అందరికీ నమస్కారం. నిన్న వెళ్లొచ్చాను. నల్గొండ అక్క అన్నట్టే డ్యూటీ దిగి వచ్చింది, నీలం స్క్రబ్స్ మీద శాలువా కప్పుకుని. కారులో నాకు గుండె దడగానే ఉంది, అబద్ధం చెప్పను. ట్రూస్ట్ దాటినప్పుడు నాకు తెలియనే లేదు. అక్క "దాటేశాం" అంది. బస్టాప్‌లో ఒకావిడ పిల్లాడి చెప్పు సరిచేస్తోంది. అంతే.

పదకొండు మంది పిల్లలు. తొమ్మిదేళ్ల పాపకి పన్నెండో ఎక్కం రావడం లేదు. మా అమ్మమ్మ నేర్పినట్టు బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెట్టించాను, వేలికి మూడు చొప్పున చేతికి పన్నెండు. ఆ పాప రెండు చేతులూ చూసుకుని, "ఇరవై నాలుగు!" అని గట్టిగా అరిచింది. పన్నెండు దాకా అక్కడున్న పిల్లలందరి వేళ్లూ కదులుతూనే ఉన్నాయి. ఆ పాపని తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల నానమ్మ కూడా తలుపు దగ్గర నిలబడి కణుపులు లెక్కపెట్టుకుంటోంది.

టీవీ పది గంటల వార్తలు మానేశాను. వచ్చే శనివారం భిన్నాలు మొదలుపెట్టాలి. ఇక్కడి పిల్లలకి అంగుళాల స్కేలుతో చెబితే బాగా ఎక్కుతుందా, కాగితం మడతలతోనా? ఇక్కడి బడుల్లో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.