35 ఏహెచ్ తీసేసి 45 ఏహెచ్ బ్యాటరీ వేయొచ్చా?

రాజోలు వాసి:
నమస్తే అండి. మాది చిన్న పెట్రోల్ కారు. పొద్దున్నే తాళం తిప్పితే టక్ టక్ అని ఆగిపోతోంది. పాత బ్యాటరీ మీద 38బి20ఎల్, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని ఉంది. షాపాయన 45 వేయించుకోమంటున్నారు. పెద్దది వేస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జి చేసేది) కాలిపోతుందని మా మావయ్య అంటున్నారు. కారు ఎప్పుడైనా మలికిపురం దాకా వెళ్లొస్తుంది, అంతే.

పాలకొల్లు ఎలక్ట్రీషియన్:
ఆల్టర్నేటర్‌కి ఆ కాస్త తేడాతో ఏమీ కాదండి. చిక్కంతా సైజు దగ్గరే. మీ నంబర్లో 38 అంటే బ్యాటరీ సత్తా, బి అంటే వెడల్పు, ఎత్తుల కొలత, 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. ఎల్ అనేది టెర్మినళ్లు ఏ వైపున్నాయో చెబుతుంది. 45 ఏహెచ్ సాధారణంగా బి24లో వస్తుంది, అంటే దాదాపు 24 సెంటీమీటర్లు. ట్రేలో అంత చోటుందేమో టేపుతో కొలవండి. క్లాంపు సరిగ్గా బిగియకపోతే మన గతుకుల రోడ్ల మీద బ్యాటరీ అదిరి లోపలి ప్లేట్లు పాడవుతాయి. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుల్ అందదు. లాగి బిగిస్తామంటే అస్సలు ఒప్పుకోకండి.

నన్నడిగితే 35 చాలు. మలికిపురం దూరానికి స్టార్టింగ్‌లో ఖర్చయిన చార్జే సరిగా నిండదు. సగం ఖాళీగా పడి ఉండే బ్యాటరీ, ఎంత పెద్దదైనా, తొందరగా పోతుంది. వారానికోసారి చించినాడ వంతెన దాటి పాలకొల్లు దాకా రండి, దానికి అదే మందు.

కొనేముందు మీటరు పెట్టించండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గర చూపించాలి. చూపించకపోతే తప్పు ఆల్టర్నేటర్‌ది, కొత్త బ్యాటరీ కూడా అలాగే చస్తుంది.

అంతర్వేది దారి:
టెర్మినళ్లు కూడా చూడండి. మా వైపు ఉప్పుగాలికి పొడి పట్టి కరెంటు అందదు. ముందు నెగటివ్ కేబుల్ తీసి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక వాజిలిన్ రాయండి.

రాజోలు వాసి:
తుడిపించానండి, తేడా లేదు. ఆగి ఉంటే 11.9, ఇంజిన్ ఆన్‌లో 14.2. ట్రే చూస్తే 24 పట్టదు.

పాలకొల్లు ఎలక్ట్రీషియన్:
అయితే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. పాతదాన్ని బయట పూర్తిగా చార్జి చేయించి లోడ్ టెస్ట్ (భారం పెట్టి వోల్టేజి నిలుస్తుందో లేదో చూడటం) పెట్టించండి. నిలబడితే కొత్తది అక్కర్లేదు. నిలబడకపోతే అదే 38బి20ఎల్ తీసుకోండి. తయారీ తేదీ చూసి, షాపులో నెలల తరబడి పడి ఉన్నది వద్దనండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. పాత బ్యాటరీకి ఎంత తగ్గిస్తారో బేరం కుదిరాకే దింపనివ్వండి.