ఫ్లోరోసిస్ పాఠం ఏఐతో రాయించొచ్చా?

ప్రశ్న (నర్సింగ్ ట్యూటర్, నల్లగొండ):
మర్రిగూడ వైపు ఊళ్లకు స్టూడెంట్లను తీసుకెళ్లే ముందు ఫ్లోరోసిస్ (నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద కొత్త మాడ్యూల్ తయారు చేద్దామని ఆశా అక్కలను, స్టూడెంట్లను, ఇద్దరు పేషెంట్లను కూడా కూర్చోబెట్టుకొని రెండు గంటలు మాట్లాడాం, చివరికి చేతిలో మిగిలింది పదకొండు పేజీల గజిబిజి రాత. చాట్‌జీపీటీకి ఇస్తే తప్పా?

జవాబు (మహబూబ్‌నగర్):
తప్పేం లేదు మేడం, కానీ పేర్లు, ఊర్లు తీసేసి ఇవ్వండి. ఎవరేం అన్నారో విడదీసి పెట్టడం బాగానే చేస్తది. మేం పాఠం కోసం ఒక పేషెంట్ కేసు రాయమంటే మాత్రం ఇంట్లో పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చుకునే నల్గొండ టెక్నిక్ దగ్గరే ఆగింది. ఇప్పుడు ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ నల్లా ముచ్చటే లేదు!

ఇంకో జవాబు:
నీళ్లల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని అది చెప్తది సరే. మా ఊర్లో ఒక అవ్వకు మెడ తిరగదు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తది. అది రాయాలంటే అవ్వే చెప్పాలి కదా. డ్రాఫ్ట్ అయ్యాక ఆ పేషెంట్లకు చదివి వినిపించండి.

ట్యూటర్:
పేర్ల సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అన్నా. సోమవారం మళ్లీ అందరం కూర్చుంటున్నాం, ఈసారి చాయ్ ఖర్చు కాలేజీదే.