మహాబలిపురం పిల్లి మనిషిని వెక్కిరిస్తోందా?

వేళచ్చేరి వాసి: అర్జున తపస్సు బండ మీద పెద్ద ఏనుగు ముందు ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి చేతులెత్తి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలుకలు. మనుషుల దొంగభక్తిని శిల్పి ఎగతాళి చేశాడని నేనంటే మావారు ఒప్పుకోరు. మీరేమంటారు?

చరిత్ర మాస్టారు: ఇందులో చర్చేముందమ్మా? ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకుడితో చెప్పి పంపిన కథే ఇది. గంగ ఒడ్డున చేతులెత్తిన పిల్లి, దాన్ని నమ్మి ఆహారమైపోయిన ఎలుకలు. శిల్పి దాన్ని రాతి మీదికి దింపాడు, అంతే.

రాతిపని: "అంతే" అనకండి మాస్టారూ. పైన ఒంటికాలి మీద నిలబడ్డ తపస్విని చూడండి, డొక్క ఎండి ఎముకలు తేలాయి. చేతులు పైకెత్తి ఉన్నాయి. పిల్లివీ అంతే. ఆ ఇద్దరినీ ఒకే బండ మీద పెట్టడం ఉలి పట్టినవాడి ఆలోచన.

అడయార్ అమ్మాయి: అసలు ఆ తపస్వి అర్జునుడా, భగీరథుడా?

చరిత్ర మాస్టారు: నడుమ చీలికలో నాగులున్నాయి కాబట్టి అది గంగ, ఆయన భగీరథుడే. 7వ శతాబ్దపు పల్లవ ఆస్థానంలో పండితులు చెప్పి ఉంటారు, శిల్పులు చెక్కారు.

రాతిపని: ఆ బండకు దగ్గర్లోనే కోతుల బొమ్మ ఉంది. ఆడకోతి పిల్లకు పాలిస్తుంటే మగకోతి దాని తలలో పేలు చూస్తుంది. అది ఏ పర్వంలో ఉంది? నేను ఈసీఆర్‌లోనే, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదే, చెక్కుతాను. ఒక రిసార్టువాళ్లు కోతిని అడిగితే, పిల్లను పొదువుకుని గుర్రుమంటున్న తల్లిని చెక్కాను. "నవ్వుతున్నట్టు చెయ్యి, నీ ఆలోచనలు మాకెందుకు" అని అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు.

చరిత్ర మాస్టారు: మీ రిసార్టు కోపం పల్లవుల మీద చూపిస్తే ఎలా?

రాతిపని: నా కోపం మీ మాట మీద. చదువుకున్నవాడికే బుర్ర, మాకు చేతులు మాత్రమేనా?

అడయార్ అమ్మాయి: కళాకారులు తమ కాళ్ల మీద తాము నిలబడాలనే కదా చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు 1966లో చెన్నై దగ్గర చోళమండలం అనే కళాకారుల ఊరు పెట్టింది.

చరిత్ర మాస్టారు: బుర్ర లేదని నేననలేదు. శాస్త్రానికి లోబడటంలోనే శిల్పి గొప్పతనం ఉందంటున్నాను. ఎవరికి తోచింది వాళ్లు చెక్కితే సంప్రదాయం మిగలదు.

రాతిపని: శాస్త్రం దేవుడి విగ్రహానికి తాళమానం, అంటే అవయవాల కొలతలు, చెబుతుంది. పేలు చూసే కోతి వేళ్లు ఎలా వంగాలో చెప్పదు. కోతిని గంటలకొద్దీ చూసినవాడికే అది తెలుస్తుంది.

చరిత్ర మాస్టారు: కోతి మీదే అనుకోండి. పిల్లి మాత్రం పండితుడిదే.