పనామా మనకిన్ ‘టప్’ చప్పుడు: ఆడే చోటు కనిపెట్టేదెలా?

పొదచాటు: ఫిబ్రవరిలో పనామాలోని గాంబోవా వెళ్తున్నాం. గోల్డెన్ కాలర్డ్ మనకిన్ అనే చిన్న పిట్టలో మగది ఆడదాన్ని మెప్పించడానికి ఆడే ఆటను వీడియో తీయాలి. ఆ ‘టప్’ ముక్కుదా, రెక్కలదా? చోటు ఎలా గుర్తుపట్టాలి? ఫోన్ సరిపోతుందా?

తడినేల: రెక్కలదేనండీ. వీపు మీదుగా రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే, ఎండుపుల్ల విరిచినంత గట్టిగా మోగుతుంది. పిట్ట మాత్రం పిచ్చుక కంటే చిన్నది, బరువు 18 గ్రాములు ఉంటుందేమో! క్లబ్ వింగ్డ్ మనకిన్‌తో కలపకండి. అది ఈక మీద ఈక రాసి వయొలిన్‌లా మోగిస్తుంది, ఉండేది కొలంబియా, ఈక్వడార్‌లలో.

చోటు కోసం కొమ్మల్లో వెతక్కండి, నేల చూడండి. అడవి అంచున, పొదల నీడలో, మీటరు వెడల్పున ఊడ్చిన కళ్లంలా ఉత్త మట్టి, దాని చుట్టూ నిలువుగా సన్నని మొక్కలు. రాలిన ఆకును మగపిట్ట ముక్కుతో పట్టి అవతల పారేస్తుంది. ఆ మట్టి మీదైతేనే మెడ పసుపు ఆడదాని కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాసేపు నిలబడి వింటే, కొద్ది మీటర్ల అవతల ఇంకో మగదాని ‘టప్’ కూడా వస్తుంది.

స్లోమోషన్: సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోలో ఏమీ దొరకదు. ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు. కూర్చుని వరసగా ‘టర్ర్’మనిపించేటప్పుడు రెక్కలు సెకనుకు 50 సార్లకు పైగా కొట్టుకుంటాయి. ఫోన్లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టండి, కానీ నీడలో బొమ్మ గరగరలాడుతుంది. కెమెరా అయితే పిట్ట మీద ఫోకస్ పెట్టబోకండి, దొరకదు. అది దూకేది ఆ నాలుగైదు మొక్కల మధ్యే. ఒక మొక్క కాండానికి చేత్తో ఫోకస్ బిగించి ఆగండి. గాల్లో ‘టప్’మనిపించి, తిరిగి, వాలగానే గొంతు ఈకలు గడ్డంలా ముందుకు చాచి క్షణం ఆగుతుంది. ఫొటో అప్పుడే. ఫ్లాష్ వద్దు.

ఆకుపచ్చరెక్క: నారింజ కాళ్ల ఆకుపచ్చ పిట్ట కనబడగానే ఆడది అనుకోకండి, ఈడు రాని మగవీ అదే రంగు. అది కూడా ‘టప్’మనిపిస్తే కుర్ర మగది. నిజంగా ఆడది నచ్చి దిగితే, మగదానికి ఎదురుగా తానూ మొక్క నుంచి మొక్కకు దూకుతుంది.

పొదచాటు: చాలా థాంక్సండీ. ఆకు తీసే షాట్ కోసం మట్టి మీద నేనే ఒక ఆకు వేయొచ్చా?

తడినేల: వద్దు. దానికోసం మీరు ఆ మట్టిదాకా నడవాలి, ఆ మొక్కల్లో ఒకటి విరిగినా అది దూకే దారి పోతుంది. దూరంగా కూర్చోండి, చెట్టే ఆకు రాలుస్తుంది.