పాత ప్రొజెక్టర్ ఎల్‌సీడీతో ఫూరియర్ ఫిల్టరింగ్ కుదురుతుందా?

కావలి_బీటెక్:
అన్నలూ, ఫైనలియర్ ప్రాజెక్టుకి లేజరూ రెండు లెన్సులూ పెట్టి 4ఎఫ్ సెటప్‌తో (లెన్సుల నడుమ బొమ్మ వెలుగుని వడగట్టే అమరిక, ఫూరియర్ ఫిల్టరింగ్ అంటే ఇదే) బొమ్మలో అంచులు మాత్రమే కనపడేట్టు చేద్దామనుకుంటున్నా. లైట్ మాడ్యులేటర్ (బొమ్మని పిక్సెళ్ళుగా వెలుగు మీదకెక్కించే తెర) కొత్తది కొనాలంటే లక్షలు. ఇంట్లో ఫోన్ డిస్‌ప్లే ఒకటుంది, నెల్లూరులో సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ దొరికేట్టుంది. ఏది మేలు? డిస్‌ప్లేలోంచి లేజర్ పంపితే గోడ మీద వరసగా చుక్కలు పడుతున్నాయి, ఎందుకో అర్థం కాలా.

ఒంగోలు_లెన్సు:
ఫోన్‌ది వదిలెయ్ తమ్ముడూ. దాంట్లో ఎరుపు, పచ్చ, నీలం ఫిల్టర్లుంటాయి, ఎర్ర లేజర్ వేస్తే ఎరుపు గళ్ళలోంచే వెలుగు దాటుతుంది, మిగతా స్క్రీనంతా దండగ. 3ఎల్‌సీడీ ప్రొజెక్టరైతే రంగుకో ప్యానెల్ విడిగా ఉంటుంది. కొనేముందు డీఎల్‌పీ కాదని చూసుకో, వాటిలో ఉండేవి బుల్లి అద్దాలు, వెలుగు లోంచి దాటదు. ఇక ఆ చుక్కలంటావా, పిక్సెళ్ళ వరసలే గ్రేటింగ్ (వెలుగుని పాయలుగా చీల్చే జల్లెడ) అయిపోతాయి కాబట్టి రాక తప్పదు. పిక్సెల్ పిచ్ (పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ దూరం) 20 మైక్రాన్లు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ 300 మి.మీ., లేజర్ 633 నానోమీటర్లు అనుకుంటే ఫూరియర్ తలంలో (లెన్స్ దాటాక వెలుగు ఫోకస్ అయ్యే చోట) చుక్కకీ చుక్కకీ 9.5 మి.మీ. ఎడం వస్తుంది. నడిమి చుక్కనీ దాని చుట్టుపక్కల వెలుగునీ పోనిచ్చి మిగతావి అట్టముక్కతో ఆపెయ్. అంచులు కావాలంటే గాజుపలక మీద సిరా బొట్టు పెట్టి సరిగ్గా ఆ నడిమి చుక్కకి అడ్డం పెట్టు, అంతే. 1980లలోనే పాకెట్ టీవీల ఎల్‌సీడీలు ఊడబెరికి ఇలాంటి ప్రయోగాలు చేశారు.

కందుకూరు_మాస్టారు:
పోలరైజర్ల (ఒకే దిశలో ఊగే వెలుగునే దాటనిచ్చే పలకల) సంగతి ఎవరూ చెప్పలేదేంది? పాత ప్యానెళ్ళు ఎక్కువగా ట్విస్టెడ్ నెమాటిక్ (లోపలి లిక్విడ్ క్రిస్టల్ మెలితిరిగి ఉండే రకం). ముందొకటి వెనకొకటి తిప్పుకోగలిగే పోలరైజర్లు పెట్టు బాబూ, కోణాలు మారిస్తే వెలుగు హెచ్చుతగ్గులూ మారతాయి, ఫేజూ (వెలుగు అల ముందువెనకలు) మారుతుంది, అసలు చిక్కు ఈ రెండూ కలిసి రావడమే. ఫేజ్ ఎంత జరుగుతుందో తెలియాలంటే స్క్రీన్ సగం నల్లగా, సగం బూడిద రంగులో పెట్టి, చెరోవైపు ఒక సన్నటి చీలిక ఉంచి, ఫ్రింజ్‌లు (వెలుగు చీకటి చారలు) ఎంత పక్కకి జరిగాయో కొలువు. ఒక ఫ్రింజ్ మొత్తం జరిగితే ఫేజ్ రెండు పై (2π), అంటే ఒక పూర్తి అల, జరిగినట్టు. పల్చటి ప్యానెళ్ళు అంత ఇవ్వవు, నీ అంచుల పనికి దాంతో అవసరం కూడా లేదులే. ఇంకోటి, దీపం వెలగకపోతే చాలా ప్రొజెక్టర్లు ఆన్ కావు, దాని సర్క్యూట్లో హైవోల్టేజ్ ఉంటుంది, తెలిసినవాళ్ళు పక్కన లేకుండా విప్పొద్దు.

కావలి_బీటెక్:
చాలా థాంక్స్ మాస్టారూ. టేబుల్ కదలకుండా చీమకుర్తి నుంచి గ్రానైట్ ముక్క తెప్పించాలా?

ఒంగోలు_లెన్సు:
ఇదేం హోలోగ్రామ్ కాదు, అంత టెన్షన్ అక్కర్లా. కానీ కటింగ్‌లో మిగిలిన పలక చవగ్గా వస్తే తెచ్చుకో, చదునుగా ఉంటుంది, లెన్సులు ఒకే ఎత్తులో నిలబెట్టడం తేలిక.