కడెం వాగు బండల మీద నడవాలంటే ఎప్పుడు వెళ్లాలి?

నమస్తే అండీ. మాది హన్మకొండ. దసరా సెలవుల్లో నేను, మా బావమరిది, ఇంకో ఇద్దరు స్నేహితులు ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ వైపు వెళ్లి కడెం వాగు మీదున్న కుంటాల, గాయత్రి జలపాతాలు చూడాలనుకుంటున్నాం. కుంటాలకు మెట్లున్నాయి కాబట్టి బెంగ లేదు. గాయత్రి సంగతే టెన్షన్, చివర్లో చెట్ల మధ్య కాలిబాటన దిగాలట.

పోయినేడు వేరే వాగు దగ్గర ఒకసారి బతికి బయటపడ్డాం. చినుకు లేదు, ఎండ కాస్తోంది. చెప్పులు విప్పి బండ మీద కూర్చున్నాం. తేటగా ఉన్న నీళ్లు చూస్తుండగానే చాయ్ రంగుకు తిరిగాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చాయి. లేచి ఒడ్డెక్కేసరికి చెప్పులు మాయం! ఎగువన ఎక్కడో వాన దంచిందన్నమాట.

ఆదిలాబాద్ పీఠభూమిలో చాలాచోట్ల ఉన్నది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద లావా గడ్డకట్టిన నల్లరాయి, బసాల్ట్. దాని మీద నాచు పట్టిందంటే సబ్బు రాసినట్టే. కుంటాల ఎత్తు చూస్తే సుమారు 45 మీటర్లు.

దసరా నాటికి వాగు నెమ్మదిస్తుందా, సంక్రాంతి దాకా ఆగాలా? దగ్గరి ఊళ్లలో దారి చూపడానికి ఎవరైనా వస్తారా, వాళ్లకు ఎంత ఇస్తే మర్యాద? అటవీశాఖ వాళ్లకు ముందే చెప్పాలా? ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుంది? తడి బండకు బూట్లు మంచివా, పట్టున్న సాండల్సా?

మా బావమరిది తనకు ఈత వచ్చంటాడు. వచ్చింది వ్యవసాయ బావిలో ఈత. గుండంలో దిగకుండా వాణ్ని ఆపే ఉపాయం ఉంటే అదీ చెప్పండి.